“కలిసి ఉంటున్నారు కదా, ఇంక పెళ్లి చట్టం దేనికి?” అనేవాళ్లకి జవాబు

స్వలింగ జంటల పెళ్లి గురించి వాట్సాప్ గ్రూపుల్లో ఈ మాట ఏదో ఒక రూపంలో తిరుగుతూనే ఉంటుంది: “377 పోయింది. కలిసి ఉండొద్దని ఎవరూ అనట్లేదు. జాయింట్ అకౌంట్, నామినీ కూడా ఇచ్చారు. ఇక పెళ్లంటారా, అది పట్నాల్లో చదువుకున్న కొద్దిమంది సరదా. సమాజం మారేదాకా ఆగితే పోయేదేముంది?” నేను గే. నా పార్టనర్‌తో ఒకే ఇంట్లో ఉంటూ ఆ చట్టం కోసం ఎదురుచూస్తున్నవాణ్ని.

ముందు 377 సంగతి, అంటే స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన ఐపీసీ సెక్షన్ సంగతి. ఇష్టపడి కలిసిన ఇద్దరు పెద్దవాళ్లు నేరస్థులు కారని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పుతో జైలు భయం పోయిందే తప్ప పెళ్లి హక్కు రాలేదు. 2023 అక్టోబరు 17న, స్వలింగ వివాహానికి గుర్తింపు కోరిన సుప్రియో కేసులో, పెళ్లి ప్రాథమిక హక్కు కాదని ఐదుగురు న్యాయమూర్తులూ ఒకే మాట చెప్పారు. చట్టం చేయాల్సింది పార్లమెంటేనన్నారు. రివ్యూ పిటిషన్లను కూడా 2025 జనవరిలో కొట్టేశారు.

అకౌంట్, నామినీ మాట నిజమే. పార్టనర్‌తో జాయింట్ అకౌంట్ తెరవడానికి, అతన్ని నామినీగా పెట్టుకోవడానికి అడ్డు లేదని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ చెప్పింది. మంచి పనే. కానీ నామినీ అంటే డబ్బు చేతికి అందుకునే మనిషి. అది అతని సొంతం కాదు, వారసులు అడిగితే ఇచ్చేయాలి. జీవిత బీమాలో నామినీకే డబ్బు సొంతమయ్యేలా 2015లో సవరణ తెచ్చారు గానీ, అది తల్లిదండ్రులకి, భార్యాభర్తలకి, పిల్లలకే. వీలునామా రాసుకోవచ్చుగా అంటారు. రాసుకోవాలి, మాలాంటి జంటలు రేపటికి వాయిదా వేయకుండా రాసుకోవాలి. అయితే ఫ్యామిలీ పెన్షన్ వీలునామాతో రాదు. భర్త భార్యకి ఎంత గిఫ్ట్ ఇచ్చినా ఆమెకి దాని మీద పన్ను పడదు. నేను నా పార్టనర్‌కి ఏడాదిలో 50,000 రూపాయలు దాటి ఇస్తే ఆ మొత్తం అతని ఆదాయం కిందకి వస్తుంది. ఇద్దరం కలిసి బిడ్డని దత్తత తీసుకోలేం, ఎందుకంటే 2022 నిబంధనలు రెండేళ్ల వైవాహిక జీవితం ఉన్న జంటకే ఆ వీలిచ్చాయి. ఒంటరిగా ఒకరు తీసుకుంటే ఆ బిడ్డకి రెండోవాడు చట్టం దృష్టిలో ఎవరూ కాడు.

పట్నం సరదా అన్నదానికి ఒక్క ఉదాహరణ చాలు. 1987లో మధ్యప్రదేశ్‌లో ఇద్దరు మహిళా కానిస్టేబుళ్లు ఒకరినొకరు పెళ్లి చేసుకున్నారు, ఉద్యోగాలు పోగొట్టుకున్నారు.

సమాజం మారాకే చట్టం రావాలన్న మాట తెలుగువాళ్ల నోట వినడం నాకు మరీ కష్టంగా ఉంటుంది. వితంతు పునర్వివాహ చట్టం 1856లో వచ్చింది. వీరేశలింగం పంతులు గారు రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరులో. అప్పటికీ ఊరు ఒప్పుకోలేదు, ఆయన్ని వెలివేశారు. ఆ పెళ్లి చెల్లదని మాత్రం ఎవరూ అనలేకపోయారు, ఎందుకంటే చట్టం ముందే ఉంది. తైవాన్‌లో 2018 రెఫరెండంలో ఎక్కువమంది వద్దన్నారు. అయినా 2017 నాటి రాజ్యాంగ కోర్టు తీర్పుకి కట్టుబడి 2019 మేలో చట్టం అమల్లోకి తెచ్చారు. ఆ తర్వాత అక్కడి ప్రభుత్వ సర్వేల్లో మద్దతు పెరుగుతూ వచ్చింది. మన పొరుగున నేపాల్‌లో 2023లో ఇలాంటి పెళ్లి ఒకటి రిజిస్టరైంది.

ఇక ఆగితే పోయేదేముందన్న ప్రశ్న. ఆగమని చెప్పేవాళ్లకి పోయేదేమీ లేదు, నిజమే. అరవై దాటిన జంటని అడగండి. పార్టనర్ చనిపోతే మృతదేహాన్ని రెండోవారు తీసుకోవచ్చని 2024లో ఆరోగ్య శాఖ రాష్ట్రాలకి రాసింది, అది కూడా దగ్గరి బంధువులు లేనప్పుడు మాత్రమే. ఎప్పుడో ఇంట్లోంచి గెంటేసిన అన్నదమ్ములు ఆ రోజు వచ్చి నిలబడితే హక్కు వాళ్లది. ముప్ఫై ఏళ్లు వండిపెట్టి మందులు అందించినవాడు పక్కకి జరగాలి. అలా ఒకరు పోయాక ఎప్పుడో చట్టం వస్తే, మిగిలినవాళ్లకి ఆ పెన్షన్ గానీ, ఆ అంత్యక్రియలు చేసే హక్కు గానీ వెనక్కి రావు.