తెలుగు ఫైలు పేర్లపై ఓ జీవో కావాలి

మన నగరంలో ఇకమీదట ఎవరూ కంప్యూటర్ ఫైలుకు తెలుగులో పేరు పెట్టకూడదని ప్రభుత్వం వెంటనే ఓ జీవో తేవాలి. ఇది భాషాద్వేషం కాదు, ప్రజల మనశ్శాంతికి సంబంధించిన విషయం.

హిమాయత్‌నగర్‌లో ఓ ఆఫీసు ఉంది. పేరెందుకు లెండి. అకౌంట్స్‌లో విండోస్, డిజైన్ సెక్షన్‌లో ఓ ముసలి మ్యాక్, ఏసీ కింద లినక్స్ సర్వర్, అందరికీ కలిపి ఒకటే షేర్డ్ డ్రైవ్. అందులో 'హైదరాబాద్' ఫోల్డర్ పక్కనే ఇంకో 'హైదరాబాద్' ఫోల్డర్ వెలిసింది. ఒకే చోట ఒకే పేరుతో రెండు ఎలా ఉంటాయని మేనేజరు గారు సిస్టమ్స్ అబ్బాయిని నిలదీశారు.

"పేరు ఒకటి కాదు సార్. మ్యాక్ నుంచి వచ్చినదానిలో ఐత్వం రెండు ముక్కలైంది" అన్నాడు.

అబ్బాయి అన్నది నిజమే. ఐత్వానికి, ప్రతి అక్షరానికీ ఓ అంకె కేటాయించే యూనికోడ్‌లో సొంతంగా ఒక గుర్తు ఉంది. అదే ఐత్వాన్ని ఎత్వం ఒకటి, కింది కొస ఒకటి అని రెండు గుర్తులుగానూ రాయొచ్చు. పాత మ్యాక్‌లలోని హెచ్ఎఫ్ఎస్ ప్లస్ (డిస్కులో ఫైళ్లను సర్దే పద్ధతి) పేర్లను అలా విడదీసే దాచుకునేది. లినక్స్‌కు అక్షరాలతో పనిలేదు, బైట్లు (అక్షరాన్ని కంప్యూటర్ దాచుకునే అంకెల ముక్కలు) వేరైతే పేరు వేరు. మన కంటికి మాత్రం ఇసుమంత తేడా కనపడదు. జంటనగరాలంటే ఏమిటో నాకు ఆ రోజే అర్థమైంది. సికింద్రాబాద్‌లో ఐత్వం లేదు కనుక అది క్షేమం. సైదాబాద్, సైఫాబాద్ వాసులు జాగ్రత్తగా ఉండాలి.

పేరు సరిగా ఉందో లేదో సర్వరే చూసుకోవచ్చు కదా అంటారు. ఎందుకు చూసుకోవాలి? నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచే ఎన్ఎఫ్ఎస్ అనే పద్ధతినే చూడండి. దాని 1995 నాటి మూడో వెర్షన్, ఫైలు పేరు అక్షరాలను బైట్లుగా మార్చే ఏ ఎన్‌కోడింగ్‌లో ఉందని ఎవరినీ అడగలేదు. ఇచ్చిన బైట్లు పుచ్చుకుంది, అడిగితే తిరిగిచ్చింది. 2000లో నాలుగో వెర్షన్ వచ్చి, పేర్లన్నీ యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లోనే ఉండాలని గట్టిగా రాసుకుంది. చాలా సర్వర్లు విన్నట్టే తలూపి పాత పద్ధతిలోనే నడిచాయి. చివరికి 2015లో ఆ నిబంధనను సడలించి, జరుగుతున్నదానికే ఒప్పుకున్నారు. కట్టేసిన అంతస్తును కూల్చలేక ఫీజు కట్టించుకుని సక్రమం చేసినట్టన్నమాట. మన తెలంగాణలో అనుమతిలేని లేఅవుట్లకు ఎల్ఆర్ఎస్, భవనాలకు బీఆర్ఎస్ (పార్టీ కాదు, పథకం) వచ్చిందీ ఆ 2015లోనే. ప్రపంచం మనకంటే ముందుందని ఇక ఎవరూ అనకండి.

ఇక అర్జీ ఫైలు సంగతి. అర్జీలో విషయం ఏముందో అదంతా ఫైలు పేరులోనే ఉండాలన్నది మన సంప్రదాయం. విండోస్ దానికి అభ్యంతరం చెప్పదు, 255 గుర్తుల దాకా రాసుకోమంటుంది. లినక్స్ కూడా 255 అనే అంటుంది గానీ, అవి బైట్లు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు మూడేసి బైట్లు, అంటే 85 గుర్తులకే స్థలం అయిపోతుంది. 'క్ష్మి' ఒక్కటే పద్దెనిమిది బైట్లు మింగుతుంది. ఏదో బ్యాకప్ ప్రోగ్రాం ఆ పొడవాటి పేరును సరిగ్గా హద్దు దగ్గర కత్తిరించింది. కత్తెర 'గారు'లోని కొమ్ము మధ్యలో పడింది. మూడు బైట్లలో రెండు మిగిలాయి, ఒకటి పోయింది. ఇప్పుడు ఫైలు పేరు చివర 'గార', దాని పక్కన ప్రశ్నార్థకం. మర్యాద అక్కడితో తెగింది. విండోస్‌లో నొక్కితే అలాంటి ఫైలే లేదంటుంది, లిస్టులో మాత్రం దర్జాగా కూర్చుని ఉంటుంది.

కోడ్ పేజీ (బైట్లను అక్షరాలుగా చదివే పట్టిక) తప్పుగా పెట్టిన కంప్యూటర్లలో చూస్తే ఇంకో వేడుక. 'క' నుంచి 'హ' దాకా ప్రతి హల్లూ తల మీద గీతున్న ఇంగ్లీషు 'ఎ'గా, వెంట ఓ డిగ్రీ గుర్తుతో దిగుతుంది. మే నెలలో ఆ ఫోల్డర్ తెరిచినవాళ్లు వాతావరణ శాఖ నివేదిక అనుకుంటే వాళ్ల తప్పేం లేదు.

ఇన్ని తిప్పలూ చూసి మేనేజ్‌మెంట్ ధైర్యంగా ఓ సర్క్యులర్ ఇచ్చింది. పేర్లన్నీ ఇంగ్లీషులోనే. అమలు దిగ్విజయంగా సాగుతోంది. లక్ష్మి గారి ఫైలు ఒకరు 'కె ఎస్ హెచ్'తో, ఒకరు ఉత్త 'ఎక్స్'తో, ఇంకొకరు చివర్లో రెండు 'ఇ'లతో పెట్టారు. బైట్ల పరంగా అన్నీ శుద్ధం. ఆవిడ కాగితాలు ఎందులో ఉన్నాయో మాత్రం ఎవరికీ తెలీదు. అది సాంకేతిక సమస్య కాదు కాబట్టి ఐటీ సెక్షన్ టెన్షన్ పడటం లేదు.

ప్రశ్నార్థకం ఫైలును బాగుచెయ్యడం తేలికే. పేరుతో పనిలేకుండా ఫైలుకు సర్వర్ లోలోపల ఇచ్చుకునే ఐనోడ్ నంబరు పట్టుకుని రీనేమ్ చేస్తే సరి, రెండు నిమిషాల పని అన్నాడు సిస్టమ్స్ అబ్బాయి. అకౌంట్స్ పెద్దాయన వెంటనే అడ్డుపడ్డారు.

"ఆడిట్ అయ్యేదాకా దాని జోలికి పోకు బాబూ. ఫైలు ఉందని చూపించొచ్చు, తెరిచి చూపించక్కర్లేదు. ఇంతకన్నా మంచి ఫైలు మన దగ్గర ఇంకోటుందా?"