సవరణ: పౌరసత్వ పరీక్షలో అడిగేది పది కాదు, ఇరవై

అమెరికా పౌరసత్వ పరీక్షకు వంద ప్రశ్నలు చదివితే చాలని, అధికారి అడిగే పదిలో ఆరు చెబితే గట్టెక్కినట్టేనని కిందటి వారం రాశాను. అది పాత లెక్క. 2025 అక్టోబరు 20కి ముందు దరఖాస్తు పెట్టిన వారికే వర్తిస్తుంది. ఆ రోజున, ఆ తర్వాత పెట్టిన వారు 128 ప్రశ్నలు చదవాలి. అడిగేవి 20 దాకా, సరిగ్గా చెప్పవలసినవి 12. పన్నెండు పూర్తయినా, తొమ్మిది తప్పినా అక్కడితో ఆపేస్తారు. ఇంటర్వ్యూ తేదీ కాదు, దరఖాస్తు తేదీనే చూసుకోండి.

అరవై అయిదు దాటిన పెద్దలు ఇరవై ప్రశ్నలే చదివితే చాలన్నాను. అందులో సగమే నిజం. గ్రీన్ కార్డుతో కనీసం 20 ఏళ్లు అక్కడ ఉండి ఉండాలి. నిరుడు పిల్లల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నలకు ఈ వెసులుబాటు లేదు. అర్హులైతే తెలుగులోనే జవాబు చెప్పవచ్చు, దుభాషిని వెంట తెచ్చుకోవాలి.

ఇంకొకటి సిగ్గుపడుతూ ఒప్పుకోవాలి. కిందటి వారం ఇచ్చిన ప్రశ్న-జవాబుల పట్టికలో అమెరికా రాజ్యాంగం రాసింది 1776లో అని రాశాను. 1776 జులై 4న ఆమోదించింది స్వాతంత్ర్య ప్రకటన. రాజ్యాంగం రాసింది 1787లో. రెండూ ఫిలడెల్ఫియాలో, ఒకే భవనంలో జరగడంతో నా బుర్రలో కలగలిసిపోయాయి. మన ఆగస్టు 15నూ జనవరి 26నూ ఎవరైనా కలిపేస్తే మాత్రం నేనే ముందు నవ్వుతాను! నా పాత పట్టికను అచ్చు తీసుకున్నవారు ఆ వరుస కొట్టేయండి.