పటం లేని మంజూరు

నగర పరిషత్తు సభ విషయ పత్రికకు, అంటే అజెండాకు, ప్రతులు తీసింది నేనే. అందుకే ఇంత ధైర్యంగా రాస్తున్నాను. ముప్పై రెండు సెట్లు, ఒక్కో సెట్టుకు పదకొండు కాగితాలు, ఎడమ మూలన పిన్ను. నగర పరిషత్తు బంట్రోతు పక్కన నిలబడి తొందరపెడుతుంటే మిషను వేడి చల్లారకముందే లెక్కపెట్టి చేతిలో పెట్టాను. అందులో పటం లేదు. పద్నాలుగో విషయం కింద ఒకే ఒక్క వాక్యం ఉంది: ఫలానా సర్వే నంబరు స్థలం మీదున్న ఆరక్షణలో (ఫలానా పనికి అన్న కేటాయింపులో) ‘కిరకోళ్ ఫేర్‌బదల్’ చేయడం గురించి, పటం కార్యాలయంలో చూడవచ్చు.

మూడు రోజుల తర్వాత సభ జరిగింది. ప్రేక్షకుల బెంచీ మీద నాతో కలిపి నలుగురం. అందులో ఒకాయన ఫ్యాను కింద కునుకు తీయడానికి వచ్చినవాడు. పదమూడో విషయం వీధికుక్కలు. దాని మీద నలభై నిమిషాలు వాదించుకున్నారు, ఇద్దరు బల్లలు కూడా చరిచారు. పద్నాలుగోది చదువుతుండగా చాయ్ వచ్చింది. “మంజూర్?” “మంజూర్, మంజూర్.” కప్పులు చివరి వరుసకు చేరేలోపు పదిహేనో విషయంలోకి వెళ్లిపోయారు.

ఊరి పేరు రాయను. నాందేడ్ జిల్లాలో, తెలంగాణ పొలిమేరకు ఆనుకుని, 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న ఊళ్లలో ఒకటి అనుకోండి. సంతలో సగం తెలుగు, కార్యాలయంలో మొత్తం మరాఠీ. పేరు రాస్తే రేపు పొద్దున్నే నా జెరాక్స్ దుకాణం మెట్టు రోడ్డు మీదికి ఎన్ని అంగుళాలు వచ్చిందో కొలవడానికి టేపు పట్టుకుని వస్తారు. (వచ్చిన మాట నిజమే. తొమ్మిది అంగుళాలు.)

ఇంతకీ ఆ పద్నాలుగో విషయం ఏమిటంటే, సంత మైదానం వెనక ఉన్న మూడెకరాలు. మన ఊరి వికాస్ ఆరాఖడాలో, అంటే అభివృద్ధి ప్రణాళికలో, ఆ స్థలం మీద ‘ఇల్లు లేనివారికి ఇళ్లు’ అని రాసి ఉంది. ఇప్పుడు ఆ మాట కొట్టేసి ‘వాణిజ్య సముదాయం’ అని రాయబోతున్నారు. కింద దుకాణాలు, పైన దుకాణాలు, చుట్టూ బళ్లు నిలిపే జాగా. దీనికి పెట్టిన పేరు కిరకోళ్ ఫేర్‌బదల్. ఫేర్‌బదల్ అంటే మార్పు. కిరకోళ్ అంటే చిల్లర అని ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. చిల్లర కొట్టులో అరకిలో పప్పు కొంటాం. మూడెకరాల ఇళ్ల స్థలం ఆ లెక్కలోకి ఎప్పుడు వచ్చిందో నాకు అర్థం కాలేదు.

చట్టం కూడా ఇంత తేలిగ్గా అనలేదు. మహారాష్ట్ర ప్రాంతీయ, నగర రచనా చట్టం 1966లో వచ్చింది. దానిలోని 37వ సెక్షన్ ఈ మార్పులకు వీలు కల్పిస్తుంది గాని, మార్పు వల్ల ప్రణాళిక స్వరూపం మారిపోకూడదని షరతు పెట్టింది. నోటీసు వేయాలి, నెల రోజులు హరకతులు, అంటే అభ్యంతరాలు, తీసుకోవాలి, పెట్టినవారి మాట వినాలి. ఆ తర్వాతే ప్రభుత్వ మంజూరుకు పంపాలి. కాబట్టి కథ ఇంకా ముగియలేదు. చాయ్‌తో పాటు మింగేసింది మొదటి మెట్టు మాత్రమే.

నాకు కోపం వచ్చింది మార్పు మీద కాదు. మార్పు మంచిదే కావచ్చు. ఆ కాంప్లెక్స్ కడితే మొదటి గాలా (దుకాణం గది) కోసం వరసలో నిలబడేవాళ్లలో నేనూ ఉంటానేమో, అదీ ఒప్పుకుంటాను. చూడకుండా చేయి ఎత్తారే, దాని మీద కోపం. ఆ మూడు రోజుల్లో పటం ప్రతి కావాలని ఒక్క నగరసేవకుడూ (కౌన్సిలరూ) నా దుకాణం గడప తొక్కలేదు. కార్యాలయానికి ఎదురుగా ఉన్న దుకాణం ఇదొక్కటే. వెళ్లి గోడ మీదిదే చూసి ఉంటారులే అని సరిపెట్టుకుందామంటే, ఆ పటం ఎక్కడ ఉందో తెలుసా? నీటిపన్ను కట్టే కిటికీ పక్క సందులో, అద్దం వెనక, దాని ముందు విరిగిన కూలరు. కూలరు జరపకుండా పటంలో పడమటి సగం కనిపించదు. ఆ మూడెకరాలు పడమటనే ఉన్నాయి.

ఈ సభ్యులను ఎన్నుకోవడానికి మనం ఎంతకాలం ఎదురుచూశామో మరిచిపోయారా? పాత సభ్యుల గడువు ముగిశాక నాలుగేళ్లపాటు ప్రశాసకుడి, అంటే ప్రభుత్వం పెట్టిన అధికారి, పాలనే. ఓబీసీ రిజర్వేషన్ల వివాదం సుప్రీంకోర్టులో నలిగి నలిగి, చివరికి 2025 మే 6న కోర్టు గట్టిగా చెబితే గాని మహారాష్ట్రలో స్థానిక ఎన్నికలు కదలలేదు. నగర పరిషత్తులకు డిసెంబరులో పోలింగ్, 21న ఫలితాలు. అయిదేళ్ల గడువు తీరకముందే ఎన్నిక జరగాలని రాజ్యాంగంలోని 243-యు చెబుతోంది. ఆ నాలుగేళ్లూ ప్రతిపాదన పంపే అధికారీ ఆ ప్రశాసకుడే, దాన్ని మంజూరు చేసే సభా ఆయనే. ఒకే మనిషి ఈ కుర్చీలోంచి లేచి ఆ కుర్చీలో కూర్చుని “సరే” అంటే దాన్ని తనిఖీ అంటారా? అప్పుడు మనమే కదా గగ్గోలు పెట్టాం, ప్రజల మనుషులు లేకపోతే అడిగే దిక్కు ఉండదని? ఇప్పుడు ప్రజల మనుషులు వచ్చారు. అభినందన బ్యానర్లు మూడు వందల అడుగులు నా దగ్గరే అచ్చయ్యాయి. అడిగింది మాత్రం ఎవరూ లేరు.

నిజమే, పరిషత్తు చేతిలో ఉన్నది చిన్న కత్తి. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. పన్నెండో షెడ్యూలులో పట్టణాలకు ఇవ్వదగిన 18 పనుల జాబితా ఉంది, మొట్టమొదటి పేరు నగర ప్రణాళికే. రాసింది అలా, జరిగేది ఇలా: కొత్త ఆరాఖడా తయారయ్యేటప్పుడు అభ్యంతరాలు వినే కమిటీలో ఎన్నికైనవాళ్లు ముగ్గురే. నిపుణులంటూ నియమించేవాళ్లు నలుగురి దాకా ఉండవచ్చు. చివరి సంతకం ప్రభుత్వానిది. అయినా ఆ చిన్న కత్తినైనా ఒర తీయరేం?

ఇక్కడ మా చిన్నమ్మ సంగతి చెప్పాలి. ఆమెది సోలాపూర్. జీవితమంతా బీడీలు చుట్టింది. అక్కడికి దగ్గరి కుంభారి గ్రామంలో, గోదూతాయి పరులేకర్ పేరు పెట్టిన కాలనీలో ఉంటుంది. బీడీ కార్మిక స్త్రీల కోసం పది వేల ఇళ్లు కట్టి 2006లో అప్పగించిన కాలనీ అది. ఆ ఇళ్ల వెనక సీపీఎం నాయకుడు నర్సయ్య ఆడం మాస్తర్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం ఉంది. ఆ పక్కనే ఇప్పుడు రేనగర్, మొత్తం 30,000 ఇళ్ల పథకం. అందులో 15,000 ఇళ్లను 2024 జనవరి 19న ప్రధాని వచ్చి ప్రారంభించారు. మన తెలుగువాళ్లు, మరాఠీలు, కన్నడిగులు, ముస్లింలు, మగ్గం పనివాళ్లు, బట్టలు కుట్టేవాళ్లు, తోపుడుబళ్ల వాళ్లు, అందరూ కలిసి సొంతం చేసుకున్న ఇళ్లవి. గొప్ప పని. కాని అంత పెద్ద జనావాసం నగరపాలిక హద్దు బయట, పల్లె భూమిలో లేచింది. నగరం లోపల కూలివాడికి జాగా దొరకలేదన్నమాట. లోపలి జాగాలన్నీ ఎవరెవరి మంజూరుతో పటంలో ఏ రంగులోకి మారిపోయాయో, ఆ విషయ పత్రికలకు ప్రతులు తీసినవాడు రాయాలి.

క్రితం దీపావళికి వెళ్లినప్పుడు చిన్నమ్మ ఒక మాట అంది. “మాకు గ్రామసభ ఉందిరా, లేచి నిలబడి అడగవచ్చు. కాని అడిగినదాన్ని చేయగలిగేంత పంచాయతీ కాదు ఇది. మీకు చేయగలిగే పరిషత్తు ఉంది, అడగడానికి సభ లేదు.” ఏడో తరగతి చదివిన మనిషి. నేను ఇంతసేపు చెప్పబోయింది ఆమె రెండు ముక్కల్లో చెప్పేసింది.

ఆమె అన్నది అక్షరాలా నిజం. వార్డు కమిటీలు తప్పనిసరి అని రాజ్యాంగం చెప్పింది మూడు లక్షలు, అంతకు మించిన జనాభా ఉన్న పట్టణాలకే. మనలాంటి ఊళ్లకు ఆ భాగ్యం లేదు. మహారాష్ట్రలో 2009లో పురపాలక చట్టాలను సవరించి ‘క్షేత్రసభ’ అనే మాట తెచ్చారు. ఓటర్లంతా తమ పేటలో కూర్చుని మాట్లాడుకునే సభ. నాకు యాభై రెండేళ్లు. మా పేటలో క్షేత్రసభ జరగగా చూడలేదు సరిగదా, దాని నోటీసుకు ఒక్క ప్రతి కూడా తీయలేదు. పెళ్లి పత్రికల నుంచి కర్మకాండ కార్డుల దాకా ఈ ఊళ్లో నా మిషను ఎక్కని కాగితం లేదు. ఇది ఎక్కలేదు.

సంతలో ఎండుమిరపకాయలు అమ్మే ఒక పెద్దావిడ ఉంది. మూడు నెలల క్రితం గృహ పథకం దరఖాస్తు తిరిగి వచ్చిందని కాగితం పట్టుకొచ్చింది. ఇల్లు కట్టుకునేవారికి కేంద్రం లక్షన్నర, రాష్ట్రం లక్ష ఇస్తాయి. అయితే స్థలం మన పేరున ఉండాలి. ఆవిడది గుంఠేవారీ జాగా. రైతు దగ్గర ఒక గుంట, వంద రూపాయల స్టాంపు కాగితం మీద కొన్నది. సాత్‌బారాలో, అంటే భూమి రికార్డులో, ఇప్పటికీ ఆ రైతు పేరే, ఆయన పోయి ఆరేళ్లయింది. గుంఠేవారీ చట్టాన్ని 2021లో సవరించి 2020 డిసెంబరు 31 దాకా ఉన్నవాటిని క్రమబద్ధం చేసుకోవచ్చన్నారు. కాని ఆవిడ గుంట మీదుగా పటంలో పన్నెండు మీటర్ల రోడ్డు గీత పోతోంది. కాబట్టి అదీ కుదరదు.

ఆ రోజు ఆవిడను వెంటబెట్టుకుని ఆ సందులోకి వెళ్లాను. కూలరు ఇద్దరం కలిసి జరిపాం. ఇల్లు ఎక్కడుందో వెతకడానికి దుకాణంలో కట్టలు కట్టే పురికొస తీసుకెళ్లాను. మారుతి గుడి దగ్గర ఒక కొస నొక్కిపెట్టి, రెండో కొస ఆవిడకు ఇచ్చాను. “గుడి నుంచి బోరింగు, బోరింగు నుంచి చింతచెట్టు, అక్కడి నుంచి ఎడమకు” అంటూ ఆవిడే వేలితో నడిచింది. రెండు వేళ్ల వెడల్పు కూడా పట్టలేదు. “ఇంతేనా నాయనా, రోజూ ఇంతే దూరమా నేను గంప మోసేది?” అని నవ్వింది. తర్వాత, “నా ఇల్లు ఏ రంగులో ఉంది?” అని అడిగింది. పసుపు ఇళ్లది, నీలం వ్యాపారానిది అని చెప్పాను. ఆవిడ ఇల్లు ఏ రంగులోనూ లేదు, గీత కింద ఉంది. “మరి మమ్మల్ని లేపితే ఎక్కడికి పోవాలి?” అంటే, నేను గొప్పగా పడమటి మూల చూపించాను. “ఇదిగో ఈ మూడెకరాలు మీలాంటి వారి కోసమే ఉంచారు. ఇక్కడ పరిషత్తే ఇళ్లు కట్టించి ఇచ్చే వీలు పథకంలో ఉంది.” ఇప్పుడు ఆవిడకు ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి?

సభ ముగిశాక ఒక నగరసేవకుడిని, నాతో కలిసి చదువుకున్నవాడిని, పట్టుకుని అడిగాను. వాడు తప్పించుకోలేదు, అది మెచ్చుకోవాలి. “చూడు, జకాత్ (ఊళ్లోకి వచ్చే సరుకు మీద పన్ను) పోయాక పరిషత్తుకు సొంత ఆదాయం ఏముంది? పై నుంచి గ్రాంటు రాకపోతే ఊడ్చేవాళ్లకు జీతాలు ఉండవు. వంద గాలాలు కడితే అద్దె వస్తుంది. ఇన్నేళ్లుగా ఆ స్థలంలో ఒక్క ఇల్లయినా లేచిందా? పిచ్చిచెట్లు తప్ప ఏముంది అక్కడ?” అన్నాడు. కొట్టిపారేయలేని మాట. అదే మాట సభలో లేచి చెప్పి, ఇన్నేళ్లుగా ఇళ్లెందుకు లేవలేదో అధికారిని అడిగి, ఇళ్లు పోతే బదులు జాగా ఎక్కడ చూపిస్తారో రాయించుకుని చేయి ఎత్తి ఉంటే నేను ఈ పోస్టు రాసేవాడిని కాదు. “పటం చూశావా?” అని అడిగితే మాత్రం వాడు చాయ్ డబ్బులు ఇవ్వడానికి జేబు వెతుక్కున్నాడు.

హరకతులు పెట్టి ఏం లాభం, అంతా ముందే తేలిపోయింది అని పెదవి విరిచేవాళ్లకు ఒక ముచ్చట. ముంబయి 2034 ప్రణాళిక ముసాయిదా 2015లో వచ్చింది. తప్పుల తడక. జనం వేల సంఖ్యలో అభ్యంతరాలు పెట్టారు. ఆ ఏప్రిల్‌లోనే ముఖ్యమంత్రి ఫడణవీస్ ఆ ముసాయిదాను పక్కన పడేసి మళ్లీ చేయమన్నారు. అది ముంబయి, అక్కడ ఇంగ్లీషు పేపర్లు ఉన్నాయి అంటారా? అనండి. కాగితం, కలం మన దగ్గర కూడా ఉన్నాయి.

మరాఠీలో రాయడం రాదని కొందరు భయపడుతున్నారు. సంతలో బేరమాడే మరాఠీ వేరు, నోటీసులో మరాఠీ వేరు, అది మరాఠీవాళ్లకే మింగుడు పడదు. మా పక్కింటి మరాఠీ మాస్టారు ఆ పద్నాలుగో విషయాన్ని రెండుసార్లు చదివి కళ్లజోడు తుడుచుకున్నారు. ఆయనే ఒక నమూనా రాసి ఇచ్చారు. పేరు, చిరునామా, సర్వే నంబరు, ఎందుకు వద్దంటున్నామో నాలుగు వాక్యాలు, సంతకం లేదా వేలిముద్ర. నోటీసు పడిన రోజు నుంచి నెల. రెండు ప్రతులు తీయండి, ఒకటి ఇచ్చి రెండోదాని మీద ఆవక్ ముద్ర, అంటే అందినట్టు ముద్ర, వేయించుకోండి. ముద్ర లేని హరకత్ గాలికి పోయినట్టే. ప్రతులకు నేను డబ్బులు తీసుకోను.

ఇంకో పని చేశాను. కూలరు జరిపి ఫోనులో పటాన్ని ముక్కలు ముక్కలుగా ఫోటోలు తీశాను. ఎనిమిది కాగితాల మీద అచ్చువేసి, అంచులు అతికించి దుకాణం గోడకు తగిలించాను. మూడెకరాల చుట్టూ ఎర్ర పెన్సిలు గీత. రెండు రోజులుగా వచ్చినవాళ్లందరూ ముందు తమ ఇల్లు వెతుక్కుంటున్నారు, ఆ తర్వాత పక్కింటివాడిది.

నిన్న సాయంత్రం ఒక నగరసేవకుడు ఆధార్ ప్రతికి వచ్చాడు. మిషను వేడెక్కేలోపు గోడ వైపు చూసి, “ఇది ఏ ఊరి పటం?” అన్నాడు.

“మనదే సార్. పద్నాలుగో విషయం.”

దగ్గరికి వెళ్లాడు. వేలు పెట్టి గుడి, బోరింగు, చింతచెట్టు దాటాడు. ఎర్ర గీత దగ్గర ఆగి చాలాసేపు నిలబడ్డాడు. వెళ్తూ వెళ్తూ, “ఇది ఒక సెట్టు తీసి ఇవ్వగలరా?” అని అడిగాడు.

ఎనిమిది కాగితాలు, పదహారు రూపాయలు. ఆయన దగ్గర మాత్రం తీసుకున్నాను.