వర్షారణ్యంలో వాన పడింది, బాధ్యులెవరు?

వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒలింపిక్ ద్వీపకల్పాన్ని ఈ మధ్యే ఒక్క రోజులో చుట్టేసి వచ్చాం. 101 హైవే మీద ఒక చుట్టు వేస్తే సుమారు 330 మైళ్లు. సియాటిల్‌లో ఫెర్రీ ఎక్కింది మొదలు రాత్రి ఇంటి తాళం తీసేదాకా పదహారు గంటలని మా బావగారు ఎక్సెల్ షీట్ వేశారు. అందులో అడవికి నలభై నిమిషాలు, సరస్సుకు పావుగంట, సముద్రానికి పది నిమిషాలు. సముద్రం ఇదివరకే చూశాం కాబట్టి దానికి కోత పడింది.

ఇంత పకడ్బందీగా బయల్దేరిన కుటుంబానికి ప్రకృతి వైపు నుంచి కనీస సహకారం అందలేదని చెప్పడానికి చింతిస్తున్నాను.

ముందు అసలు ఫిర్యాదు. హో వర్షారణ్యంలో వాన పడింది. అక్కడ ఏడాదికి దాదాపు 140 అంగుళాలు కురుస్తుందని మాకు తెలుసు. కానీ మేం వెళ్లిన రోజు కూడా కురుస్తుందని అనుకోలేదు. పోనీ ఆ చుట్టుపక్కలంతా ఇంతేనా అంటే, కాదు. సూటిగా కొలిస్తే 50 మైళ్లయినా లేని స్క్విమ్ అనే ఊళ్లో ఏడాదికి 16 అంగుళాలే. (రాతలో అది సీక్విమ్‌లా ఉంటుంది. అలా పలికితే మాత్రం ఊరివాళ్లు జాలిగా చూస్తారు.) పసిఫిక్ మీంచి వచ్చే మేఘాలు పడమటి వాలు ఎక్కుతూ చల్లబడి, ఉన్నదంతా అక్కడే కుమ్మరించి, కొండ దాటేసరికి ఖాళీ బిందెలతో వస్తాయి. ఇంత పక్షపాతాన్ని ఎన్నాళ్లు సహిస్తాం? 140, 16 కలిపి రెండుతో భాగిస్తే చెరి 78 వస్తుంది. అప్పుడు హోలో అడవీ ఉండదు, స్క్విమ్‌లో లావెండర్ తోటలూ ఉండవు. కానీ పార్కింగ్ దొరుకుతుంది.

పార్కింగ్ చిన్న విషయం కాదు. వేసవిలో హో దగ్గర చోటు నిండిపోతే, ఒక కారు బయటికొస్తేనే ఇంకో కారు లోపలికి. ఆ లైన్లో గంటన్నర కూర్చున్నాం. ఫోన్లలో సిగ్నల్ లేదు. గత్యంతరం లేక ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. అక్కకి కళ్లజోడు వచ్చిందని నాకు అప్పుడే తెలిసింది.

అంతకుముందు క్రెసెంట్ సరస్సు. దాని రంగు మీద నాకు అభ్యంతరం ఉంది. నీళ్లలో నైట్రోజన్ బాగా తక్కువ, నాచు పెద్దగా పెరగదు, అందుకే అంత నీలం. ఫొటో పెట్టగానే "ఫిల్టర్ కాస్త తగ్గించు" అని నలుగురు కామెంట్ చేశారు. నిజాయితీపరుణ్ణి అబద్ధాలకోరులా చూపించే సరస్సు అది. రోడ్డు దాని ఒడ్డునే వంపులు తిరుగుతుంది.

"ఏమండీ, ఒక్క నిమిషం ఆపండి, నీళ్లు చూద్దాం," అంది అక్క.

"కనిపిస్తున్నాయిగా, అద్దంలోంచి చూడు," అన్నారు బావగారు.

తరవాత ఎనిమిది మైళ్లు ఇదే చర్చ, గొంతులు మాత్రం పెరిగాయి. పూర్వం కింద జనం కొట్టుకుంటుంటే స్టార్మ్ కింగ్ కొండకి చిర్రెత్తి, బండ విరిచి విసిరి లోయకి అడ్డం వేసిందని, అలా ఈ సరస్సు పుట్టిందని ఇక్కడి ఆదివాసులైన క్లాలమ్ ప్రజల కథ. కొండచరియ విరిగిపడిందని శాస్త్రజ్ఞులంటారు. ఎందుకైనా మంచిదని నేను కొండకేసి చూస్తూ కూర్చున్నాను.

ఇక అడవి లోపలి క్రమశిక్షణ. అక్కడ చచ్చిన చెట్టుకి కూడా విశ్రాంతి లేదు. పడిపోయిన స్ప్రూస్ మొద్దు మీద హెమ్లాక్ మొలకలు, ఒక్కోటీ నా చిటికెన వేలంత, బెంచీ మీద పిల్లల్లా వరసగా ఉన్నాయి. నేలంతా నాచూ ఫెర్నులూ ఆక్రమించుకుంటాయి కాబట్టి మొలకకి మొద్దే గతి. వందల ఏళ్లకి మొద్దు కుళ్లిపోతుంది, చెట్లు మాత్రం వేళ్ల కింద ఖాళీ సొరంగంతో ఆ వరసలోనే నిలబడతాయి. "ఎవరో ప్లాన్ ప్రకారం నాటారు," అన్నారు బావగారు మెచ్చుకోలుగా. ఎక్సెల్ వాడేవాళ్లకి లోకమంతా గడులే.

మేపుల్ చెట్లది ఇంకా ఘోరం. కొమ్మల నిండా నాచు దిండ్లలా పేరుకుంటుంది. ఆ నాచులోకి చెట్టు తన కొమ్మల నుంచే వేళ్లు పంపుతుందని నళినీ నాడ్కర్ణి అనే శాస్త్రవేత్త 1981లో బయటపెట్టారు. అద్దెకున్నవాళ్ల వంటింట్లో ఇంటి ఓనరు భోంచేయడమన్నమాట. దీని మీద ఇంతవరకూ ఎవరూ కేసు పెట్టలేదు.

అడవిలో మూడు మైళ్ల పైన నడిస్తే ఒక మొద్దు మీద చిన్న ఎర్రటి రాయి ఉంటుందట. గోర్డన్ హెంప్టన్ అనే ఆయన 2005లో పెట్టారు. ఆ ఒక్క చదరపు అంగుళంలోనైనా మనిషి చప్పుడు వినిపించకూడదని ఆయన పట్టుదల. ఆశయం గొప్పదే. మాకున్నది నలభై నిమిషాలు. ఆ రాయిని పార్కింగ్ పక్కకి మారిస్తే ఎక్కువమంది నిశ్శబ్దాన్ని విని, సెల్ఫీ దిగి, తలుపులు ధడేల్మని వేసుకుని వెళ్లగలరని మనవి.

ఎల్క్‌లనే పెద్ద జింకలకి మాత్రం అన్నీ ఉన్నాయి. వాటి కోసమే 1909లో థియోడర్ రూజ్‌వెల్ట్ ఈ కొండల్ని రక్షిత ప్రాంతం చేశారు. 1938లో ఇంకో రూజ్‌వెల్ట్ హయాంలో అది నేషనల్ పార్కయింది. జాతికి పేరు కూడా రూజ్‌వెల్ట్ ఎల్క్. మేం నియమం ప్రకారం 50 గజాల దూరంలో ఆగితే, ఒకటి నమలడం ఆపకుండా మావైపు వీపు తిప్పింది.

రూబీ బీచ్‌లో పది నిమిషాలూ పొగమంచే. క్వినాల్ట్ సరస్సు దగ్గరికి చీకటి పడ్డాక చేరాం, బోర్డు చూశాం.

అర్ధరాత్రి ఇంట్లో బావగారు లాప్‌టాప్ తెరిచి అన్ని గడులకీ టిక్కులు పెట్టారు. అక్క తడి సాక్సు పిండుతోంది. బూటు లేసులో తలవెంట్రుకంత నాచు పోగు ఇరుక్కుని ఉంది, ఇంకా పచ్చగా. లైటు కిందకి తెచ్చి చాలాసేపు చూసింది. బావగారు కళ్లజోడు సర్దుకుని వంగి చూశారు. మళ్లీ వెళ్లి షీట్ అడుగున కొత్త వరస చేర్చి, ఏం రాయాలో తోచక, కర్సర్ కేసి చూస్తూ కూర్చున్నారు.