ఏప్రిల్‌లో కొత్త కమిటీ, జూన్‌లో పెయింటు

సముద్రం వైపు సజ్జా అడుగున వెంట్రుకవాసి పగులు, దాని వెంబడి గోధుమరంగు చార. విశాఖలో చినవాల్తేరు నుంచి సాగర్‌నగర్, రుషికొండ దాకా పాతబడ్డ అపార్ట్‌మెంటు కింద నిలబడి తలెత్తితే ఇలాంటివి ఒకటో రెండో కనబడతాయి. చూడడానికి మరకే. లోపల మాత్రం చువ్వ తుప్పుపడుతోంది. తుప్పు తాను తినేసిన ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు చోటు తీసుకుంటుంది. ఆ ఉబ్బుకే కాంక్రీటు పెచ్చులుగా ఊడి పార్కింగులోని కార్ల మీద పడుతుంది. తీర వాతావరణంలో ఉండే కాంక్రీటుకు భారతీయ ప్రమాణం ఐఎస్ 456 అడిగే కవరు, అంటే చువ్వను కప్పే కాంక్రీటు మందం, 45 మి.మీ., గ్రేడు (కాంక్రీటు బలం) కనీసం ఎం30. పాత సజ్జాలను పగలగొట్టి చూస్తే చాలాచోట్ల ఆ మందంలో సగం కూడా ఉండదు.

దీన్ని బాగుచేయించడంలో అసోసియేషన్లు పదేపదే చేసే తప్పు ఒకటే. మేస్త్రీ వస్తాడు, కనబడే పెచ్చును రాలగొడతాడు, సిమెంటు మెత్తి పైన రంగేస్తాడు. రెండు వానాకాలాలు తిరక్కుండానే అదే చోట మళ్లీ చార. చువ్వ వెనకవైపు తుప్పు, దానికి పట్టిన ఉప్పు లోపలే ఉండిపోయాయి మరి.

సరైన పని మెల్లగా సాగుతుంది. ముందు సుత్తితో తట్టుకుంటూ పోయి డొల్ల శబ్దం వచ్చినంత మేరా చాక్‌పీసుతో గీత గీయాలి. చువ్వ వెనక వేలు దూరేంత, అంటే 20 నుంచి 25 మి.మీ. దాకా, కాంక్రీటు తీసేయాలి. వైరు బ్రష్షుతో ఇనుము మెరిసేదాకా రుద్ది మంచినీళ్లతో కడగాలి. ఆరిన రోజే జింకు ప్రైమరు పూయాలి, మర్నాటికి వాయిదా వేస్తే ఉప్పుగాలికి మళ్లీ ఎర్రబడుతుంది. తర్వాత పాతదానికి కొత్తది అతుక్కునేలా బాండింగు పూత, దాని మీద పాలిమరు కలిపిన మోర్టారును (సిమెంటు, ఇసుక గారను) 10–15 మి.మీ. పొరలుగా వేసి, వారం రోజులు తడపాలి. చువ్వ బాగా సన్నబడిపోతే పక్కన కొత్త చువ్వ కట్టాలి. ఆ నిర్ణయం మేస్త్రీకి వదలకుండా స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవడం మేలు. మోర్టారు కలపడానికి, తడపడానికి బోరు నీళ్లు వాడేముందు పరీక్ష చేయించాలి. ఇనుము ఉన్న కాంక్రీటులో కలిపే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మి.గ్రా. దాటకూడదు, తీరంలో బోర్లు చాలావరకు ఉప్పగానే ఉంటాయి.

ఇంత చేసినా ఒక చిక్కుంది. కొత్త మోర్టారులోని చువ్వ ముక్క భద్రంగా ఉంటే, దాన్ని ఆనుకుని ఉప్పెక్కిన పాత కాంక్రీటులో అదే చువ్వ ఇంకా వేగంగా తినేసుకుపోవచ్చు. అందుకే అతుకు చుట్టూ అర అడుగు మేర ఏటా తట్టి చూడాలి.

ఈ పనులకు కావలసింది పొడి వాతావరణం. ఇక్కడ అది సంక్రాంతి తర్వాత మొదలై మార్చి దాకా బాగుంటుంది. పండక్కి శ్రీకాకుళం, విజయనగరం వైపు ఊళ్లకు వెళ్లిన పనివాళ్లు తిరిగొచ్చే వేళ కూడా అదే. ఎండలు ముదిరాక గాలి గోడల మీద ఉప్పు చల్లడం ఎక్కువవుతుంది. గోడ కడిగి రెండు రోజులు ఆరనివ్వకుండా రంగేస్తే పొరలుగా లేచిపోతుంది. అసోసియేషన్ల లెక్కలు మాత్రం మార్చి 31తో ముగుస్తాయి. దిగిపోయే కమిటీ ఫిబ్రవరిలో పెద్ద పని తలకెత్తుకోదు. ఏప్రిల్‌లో వచ్చిన కమిటీ మే అంతా కొటేషన్లు తిరగేస్తుంది. పరంజా కట్టేసరికి జూన్, తొలకరి. తప్పు పెయింటు కంపెనీది కాదు, మన క్యాలెండరుది.

లెక్కల సంవత్సరాన్ని మార్చక్కర్లేదు, పనులు ఖాయం చేసే సమావేశం తేదీని మారిస్తే చాలు. ఏప్రిల్ ఆదివారం పొద్దున పదింటికి పిలిస్తే కోరం ఉండదు. కార్తీక వనభోజనాలకు మాత్రం పిల్లాపెద్దా అంతా వస్తారు. ఆ సాయంత్రమే ఫొటోలు చూపించి, అంచనా ముందుపెట్టి తీర్మానం చేయించాలి. అమెరికా నుంచి డిసెంబరులో వచ్చే యజమానుల వాటా వసూలు చేయడమూ అప్పుడు తేలిక. 40 ఫ్లాట్లు నెలకు వెయ్యి చొప్పున విడిగా దాస్తే ఏడాదికి 4.8 లక్షలు, ఐదేళ్లకు 24 లక్షలు. ఆ డబ్బు లేకనే ఒక్కసారిగా ఫ్లాటుకు 60 వేలు అడగాల్సి వచ్చి వాట్సాప్ గ్రూపులో యుద్ధాలు నడుస్తాయి. భవనం కొత్తదైతే మరో మాట. ఇళ్ల కొనుగోలుదారుల రక్షణకు వచ్చిన రెరా చట్టం కింద స్వాధీనం చేసిన నాటి నుంచి ఐదేళ్లలోపు చూపించిన నిర్మాణ లోపాన్ని బిల్డరే ఉచితంగా సరిచేయాలి. నాలుగో ఏట చార కనబడితే తేదీతో ఫొటో తీసి లిఖితపూర్వకంగా పంపాలి, ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదు.

తుపాను సన్నాహం సంగతి వేరు, దానికి సమావేశం అక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ తీరాన్ని తాకినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. కాబట్టి వినాయక నిమజ్జనం అవగానే డాబా మీదికెళ్లాలి. పందిరి కోసం తెచ్చి పిట్టగోడ పక్కన పడేసిన రేకులు, గడకర్రలు ముందు కిందికి దించాలి. ఖాళీ ప్లాస్టిక్ ట్యాంకు గాలికి ఎగిరిపోతుంది, వెయ్యి లీటర్లది నింపితే టన్ను బరువు. ఏసీ స్టాండు బోల్టులు విప్పి చూడాలి, పైపూత బాగానే ఉన్నా మరచుట్ల దగ్గర తుప్పు తినేసి ఉంటుంది. మార్చేటప్పుడు 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు కంటే ఉప్పుకు ఎక్కువ తట్టుకునే 316 రకం తీసుకోవాలి. హెచ్చరిక రాగానే లిఫ్టును పై అంతస్తుల్లో ఆపి మెయిన్ కట్టేయాలి, లేకపోతే గుంతలోకి నీరు చేరి పెట్టె మునుగుతుంది. సెల్లారు గదిలో ఉండే వాచ్‌మన్ కుటుంబాన్ని కార్ల కంటే ముందు పైకి తీసుకురావాలి. ఈ వరుస రాసి నోటీసు బోర్డుకు అంటించిన అసోసియేషన్లు తక్కువే.

అన్నిటికంటే మొండి సమస్య తాళం వేసిన ఫ్లాటు. యజమాని హైదరాబాదులోనో డాలస్‌లోనో ఉంటాడు. బాల్కనీ జాలీకి పాలిథిన్ కవరొకటి అడ్డం పడితే చాలు, రాత్రి వానకు నీళ్లు తలుపు కింద నుంచి హాల్లోకి చేరి కింది ఇంటి సీలింగులో ఉబ్బుగా కనబడతాయి. తాళంచెవి సీలు వేసిన కవరులో కార్యదర్శి దగ్గర ఉంచాలనీ, ఇద్దరు సభ్యుల ఎదుట తెరిచి రిజిస్టరులో రాయాలనీ, చెవి ఇవ్వని వాళ్ల ఫ్లాటు నుంచి కారిన నీటి నష్టం పూర్తిగా వాళ్లే భరించాలనీ బైలాలో చేర్చవలసింది కూడా ఆ కార్తీక సమావేశంలోనే.