మైండ్‌సెట్ కాదు మాస్టారూ, మౌస్!

ఇప్పుడే ఒక రీల్ కళ్ళబడింది. ఒళ్ళు మండిపోయింది. సూటు తొడుక్కున్న మోటివేషన్ మాస్టారొకరు కెమెరాకి వేలు చూపిస్తూ సెలవిస్తున్నారు: గేట్ (ఇంజినీరింగ్ వాళ్ళు ఎంటెక్ సీట్ల కోసం కంప్యూటర్ మీద రాసే పరీక్ష) హాల్లో చేతులు వణికాయంటే నీ ప్రిపరేషన్‌లో నిజాయితీ లేనట్టేనట. కింద కామెంట్లలో దండాలే దండాలు. పైగా దాన్ని "మస్ట్ వాచ్" అంటూ గ్రూపుల్లో తిప్పుతున్నారు.

చెయ్యి వణకడానికీ నిజాయితీకీ ఏం సంబంధం స్వామీ? ముప్పు అనుకోగానే ఒంట్లోకి అడ్రినలిన్ దూకుతుంది. గుండె దడదడలాడుతుంది, వేళ్ళు చల్లబడతాయి, అరచేతులకి చెమటలు, ఊపిరి పైపైనే ఆడుతుంది. ఏడాదంతా చదివినవాడికే ఇది ఎక్కువ. ఏమీ చదవనివాడికి పోయేదేముంది, ఏసీలో ప్రశాంతంగా కూర్చుంటాడు. పోనీ ఆ సూటు పెద్దాయన దీనికి మందేమైనా చెప్పారా అంటే, "నిన్ను నువ్వు నమ్ము" అట! నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ నెమ్మదిగా వదలండి. వదలడం పీల్చడం కంటే నిదానంగా ఉంటే గుండె వేగం తగ్గుతుంది. అలా ఆరు ఊపిరులు, సరిగ్గా నిమిషం. చెప్పడానికి పది సెకన్లు పట్టే ముక్క. కానీ దీనికి లైకులు రావుగా.

అసలు మార్కులు పోయేది వణుకుతో కాదు. వణుకుతున్న చేత్తో అలవాటు లేని పనిముట్టు పట్టుకోవడంతో. ఇది ఎవడూ చెప్పడు.

ఆ కాలిక్యులేటర్ సంగతే తీసుకోండి. నాలుగేళ్ళ ఇంజినీరింగ్‌లో చేతికి ఏం అలవాటు చేశారు? కాసియో ఎఫ్ఎక్స్-991. కళ్ళు మూసుకుని సమీకరణాలు సాల్వ్ చేయించే మెషిన్. గేట్‌లో 2016 నుంచీ సొంత కాలిక్యులేటర్ లోపలికి రానివ్వరు. తెర మీద బొమ్మ కాలిక్యులేటర్ ఒకటి తెరుచుకుంటుంది, దాన్ని మౌస్‌తో నొక్కాలి. కీబోర్డు ముట్టుకోకూడదు. సమీకరణాల సాల్వర్ లేదు, మ్యాట్రిక్స్ లేదు, ఇంటిగ్రేషన్ లేదు. కాసియోలో ముందు సైన్ నొక్కి తర్వాత అంకె కొడతాం, ఇక్కడ ముందు అంకె, తర్వాత సైన్. తెరవగానే డిగ్రీల్లో ఉంటుంది. సిగ్నల్స్ లెక్క కోసం రేడియన్‌లోకి మార్చి, తిరిగి మార్చడం మర్చిపోయారో, తర్వాత సైన్ 30 కొడితే సగం రావాల్సింది మైనస్ 0.988 వస్తుంది. మైనస్ కనబడింది కాబట్టి ఇక్కడ అనుమానం వస్తుంది. ఫేజ్ మార్జిన్ (కంట్రోల్ సిస్టమ్స్‌లో డిగ్రీల్లో లెక్కగట్టే ఒక కోణం) కోసం టాన్ ఇన్వర్స్ కొట్టినప్పుడు వచ్చే తప్పుకి ఆ అనుమానం కూడా రాదు. 'ఎక్స్‌ప్' అనే మీట పదికి ఘాతం పెట్టడానికి, ఈ టు ద ఎక్స్ వేరే మీట. పదికి మైనస్ ఘాతమున్న ఎలక్ట్రాన్ ఛార్జ్ కొట్టేటప్పుడు కంగారులో ఒకదానికి బదులు ఇంకోటి నొక్కితే అంతే సంగతులు. అన్నిటికీ మించి, ఆ కిటికీ వచ్చి ప్రశ్న మీదే కూర్చుంటుంది. దాన్ని పక్కకి లాగొచ్చని తెలియక మూసి తెరిచి, మూసి తెరిచి ప్రతి లెక్కకీ అర నిమిషం తగలేసేవాళ్ళున్నారు. వీళ్ళకి లోపించింది మైండ్‌సెట్ అట!

సైకిల్ మీద నేర్పించి లారీ స్టీరింగ్ చేతికిచ్చి, గుద్దితే "నీకు కాన్ఫిడెన్స్ లేదురా" అన్నట్టుంది వీళ్ళ వరస.

ఇక రంగుల గళ్ళు. కుడిపక్క ప్రశ్నల నంబర్లుంటాయి: చూడనివి బూడిద రంగు, చూసి వదిలేసినవి ఎరుపు, జవాబు సేవ్ అయినవి ఆకుపచ్చ, రివ్యూకి పెట్టినవి ఊదా. ఆప్షన్ మీద చుక్క పెట్టి, 'సేవ్ అండ్ నెక్స్ట్' నొక్కకుండా నేరుగా ఇంకో నంబరు మీదకి దూకితే ఆ జవాబు గాలికి పోయినట్టే. పరీక్షంతటిలో అన్నిటికంటే చవకబారు నష్టం ఇదే. ప్రశ్న తెలుసు, లెక్క వచ్చింది, చుక్క కూడా పెట్టారు, మార్కు మాత్రం లేదు. జవాబు పెట్టి రివ్యూకి వేస్తే ఊదా గడిలో ఆకుపచ్చ గుర్తు పడుతుంది, అది మూల్యాంకనానికి వెళ్తుంది. అది తెలియక ఆఖరి ఐదు నిమిషాల్లో ఊదావన్నీ మళ్ళీ తెరిచి, కంగారులో మంచి జవాబులు చెడగొట్టుకునేవాళ్ళు కొందరు. ఉత్త ఊదా గడికి మాత్రం జవాబు లేనట్టే, దాన్ని వదలకండి.

నెగెటివ్ మార్కుల భయం ఇంకో పెద్ద వ్యాపారం. "తెలియకపోతే ముట్టుకోకు" అని కోచింగుల్లో నూరిపోస్తారు. అరే, లెక్క వేసి చూడండి. ఒక మార్కు ఎంసీక్యూ తప్పితే మూడో వంతు, రెండు మార్కులది తప్పితే మూడింట రెండు వంతులు పోతుంది. నాలుగు ఆప్షన్లలో ఒక్కటి ఖచ్చితంగా తప్పని తెలిసిందనుకోండి. అలాంటి ఒక మార్కు ప్రశ్నలు తొమ్మిది పెడితే సగటున మూడు తగులుతాయి, ఆరు తప్పుతాయి. మూడు వచ్చి రెండు పోతే ఒకటి మిగిలినట్టే కదా! రెండు ఆప్షన్లు కొట్టేయగలిగితే ఇంకా లాభం. ఏమీ తెలియకుండా గుడ్డిగా కొడితేనే సగటున లాభం లేదు, నష్టం లేదు. ఆప్షన్లు లేకుండా జవాబుగా అంకె వేసే నాట్ (న్యూమరికల్ ఆన్సర్ టైప్) ప్రశ్నలకి నెగెటివ్ లేనే లేదు. 2021లో తెచ్చిన ఎంఎస్‌క్యూలకీ (ఒకటికి మించి ఆప్షన్లు సరైనవి కాగల ప్రశ్నలు) లేదు. కాకపోతే ఎంఎస్‌క్యూలో సరైనవన్నీ పెట్టాలి, ఒక్కటి తగ్గినా, ఒక్కటి ఎక్కువైనా సున్నా. నెగెటివ్ లేని ప్రశ్నల్ని కూడా భయపడి ఖాళీగా వదిలేసి వస్తున్నారంటే, ఆ భయం నూరిపోసిన పెద్దలు సమాధానం చెప్పాలి.

నాట్‌లో మరో గోతి ఉంది, యూనిట్లు. జవాబు మిల్లీ ఆంపియర్లలో అడుగుతాడు, మనం ఆంపియర్లలో కొట్టొస్తాం. రెండు దశాంశ స్థానాలు అడిగినప్పుడు మధ్యలోనే గుండ్రం చేసుకుంటూ పోతే చివరికి వాళ్ళు సరైనదని ఒప్పుకునే రేంజ్ దాటిపోతుంది. గుండ్రం చేసేది ఆఖర్న, ఒక్కసారే. తెర నిలువుగా, రఫ్ ప్యాడ్ బల్ల మీద అడ్డంగా. చూపు పైకీ కిందకీ తిరిగేలోపు 0.045 కాస్తా 0.45 అవుతుంది. ఎదురుగా తెర పెట్టుకుని పక్కన కాగితం మీద లెక్కలు చేసే అలవాటు లేనివాళ్ళకి ఇది ప్రతి పేపర్లోనూ జరుగుతుంది. ప్యాడ్ మీద ప్రతి లెక్క పక్కనా ప్రశ్న నంబరు వేసి గీత కొట్టుకోండి, తిరిగి వచ్చినప్పుడు వెతుక్కోనక్కర్లేదు.

కంగారుగా ఉంటే ముందు ఆప్టిట్యూడ్ విభాగం తీయండి. పది ప్రశ్నలు, 15 మార్కులు, ఇరవై నిమిషాల్లో అయిపోతాయి. నాలుగు ఆకుపచ్చ గళ్ళు కనబడితే చెయ్యి దానంతటదే కుదురుకుంటుంది. 65 ప్రశ్నలకి 180 నిమిషాలు, సగటున మూడు నిమిషాలు కూడా లేవు. మొదటి విడతలో ఏ లెక్కా ఆ మూడు నిమిషాలు దాటకూడదు. పేపర్ మొదలవకముందు సూచనలు చదవమని టైమిస్తారు చూడండి, ఆ టైమ్‌లో కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకోవడం అరనిమిషంలో ముగించి మౌస్ పరీక్షించండి. ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతోందా, స్క్రోల్ తిరుగుతోందా, తెర మీద పేరూ ఫొటో మీవేనా. తేడా ఉంటే అప్పుడే చెయ్యెత్తాలి. మధ్యలో సిస్టమ్ ఆగిపోయినా మీరు రీస్టార్ట్ బటన్ జోలికి పోకండి, ఇన్విజిలేటర్‌ని పిలవండి.

పేరంటే గుర్తొచ్చింది. మన తెలుగువాళ్ళకి ప్రత్యేకంగా ఒక శాపం ఉంది, ఇంటిపేరు. పదో తరగతి మెమోలో పూర్తిగా ముందుంటుంది, ఆధార్‌లో పొడి అక్షరం అవుతుంది, పాన్‌లో వెనక్కి పోతుంది. అప్లికేషన్లో ఇచ్చిన ఐడీలో పేరు ఎలా ఉందో అలాగే నింపాలి, ఆ ఒరిజినలే పట్టుకెళ్ళాలి. ఫోన్లో డిజిలాకర్ ఉందిలే అనుకునే మేధావులారా, ఫోనే లోపలికి రానివ్వరు. ఇంటిపేరు ముందుండాలా వెనకుండాలా అన్నది ఈ దేశం మనకోసం ఎప్పుడు తేలుస్తుందో గానీ, అందాకా అక్షరం అక్షరం పోల్చి చూసుకోండి.

సెంటర్ల కథైతే వేరే పోస్టు రాయాలి. ఉదయం సెషన్ తొమ్మిదిన్నరకి, అదీ ఫిబ్రవరి శని, ఆదివారాల్లో. సెంటరేమో హైదరాబాద్ శివార్లలో ఇబ్రహీంపట్నం దాటాక, ఘట్‌కేసర్ దాటాక, బస్సు ఎప్పుడొస్తుందో బస్సుకే తెలియని చోట. దానికి తోడు ఒకే పేరుతో రెండేసి, మూడేసి కాలేజీలు. మ్యాప్‌లో పేరు కొట్టి ఆటో ఎక్కితే అదే యాజమాన్యం వాళ్ళ ఇంకో క్యాంపస్ ముందు దింపుతాడు. హాల్‌టికెట్ మీద పిన్‌కోడ్ ఉంటుంది, దాన్ని చూడండి, వీలైతే ముందురోజే వెళ్ళి గేటు చూసి రండి. గేటు మూసేశాక బయట ఏడుస్తున్న పిల్ల ముఖం మీద మైకు పెట్టి "ఎలా ఫీలవుతున్నారు" అని అడిగే టీవీ వాళ్ళకి ఆ పాపం ఊరికే పోదు, చెప్తున్నా.

అసలు నా కడుపుమంట రీల్ మాస్టారి మీద కాదులెండి. ఆయన వ్యాపారం ఆయనది. మంటంతా మన ఇంజినీరింగ్ కాలేజీల మీద. ఈ పరీక్ష జరిగేది ఎక్కడ? చాలాచోట్ల వీళ్ళ కంప్యూటర్ ల్యాబుల్లోనే. అదే కుర్చీ, అదే తెర, అదే అరిగిపోయిన మౌస్. అద్దెకిచ్చే రోజు ఏసీ పనిచేస్తుంది, జనరేటర్ పనిచేస్తుంది, కెమెరాలన్నీ పనిచేస్తాయి. సొంత పిల్లలు అదే ల్యాబులో కూర్చుని గేట్ మాక్ (నమూనా పరీక్ష) రాస్తామంటే మాత్రం "సిస్టమ్స్ మెయింటెనెన్స్‌లో ఉన్నాయి" అంటారు. అఫీషియల్ సైట్‌లో మాక్ టెస్ట్ ఉచితం. కాలేజీకి పైసా ఖర్చు లేదు. శనివారం మధ్యాహ్నం మూడు గంటలు తలుపు తీసి ఉంచితే చాలు. అది చేయరు. సెమిస్టర్‌కి రెండు రోజుల ముందు ఇంపార్టెంట్ క్వశ్చన్లు ఇచ్చి, పేజీలు నింపడం నేర్పించి, నాలుగో ఏడాది చివర్లో "మావాళ్ళకి గేట్ ర్యాంకులు" అని ఫ్లెక్సీ కట్టడానికి మాత్రం ముందుంటారు. ఆ పిల్లవాడి ఫొటో అప్పటికే ఇంకో రెండు కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీల మీద నవ్వుతూ ఉంటుంది!

కింద "పిల్లల్లోనే ఆసక్తి లేదండీ" అని రాయబోతున్న హెచ్‌ఓడీ గార్లకి ఒక మనవి. ముందు మీ ల్యాబుకెళ్ళి ఎన్ని మౌస్‌లు సరిగ్గా క్లిక్ అవుతున్నాయో లెక్కపెట్టి, ఆ అంకె ఇక్కడ కామెంట్‌లో పెట్టండి. నాట్ ప్రశ్నే, నెగెటివ్ లేదు.