మిల్లు గేటు కాడ ఎవరిని నిలబెడదాం?

మిర్యాలగూడలో మా బావ రైస్ మిల్లు గేటుకు ఒకరు కావాలి. మనిషి కాదు, రివర్స్ ప్రాక్సీ. కాంటా లెక్కలకొక సర్వర్, వడ్ల స్టాకుకొకటి, హమాలీల కూలికొకటి ఉన్నాయి. బయటికి ఐపీ అడ్రసు మాత్రం ఒక్కటే. ప్రాక్సీ అంటే కాలేజీలో పక్కోడి హాజరు పలకడమని అందరికీ తెలుసు. ఇదీ అంతే. లోపలి సర్వర్ మొహం చూపించకుండా దాని తరఫున 'ఎస్ సార్' అంటుంది.

ఇంత బాధ్యతగల కొలువుకు వెనకాముందు చూడకుండా ఎట్లా? ఈ పనిచేసే సాఫ్ట్‌వేర్లలో మూడు వారాలు సంబంధాలు చూశాం. ఎంజినెక్స్ పుట్టింది 2004లో. ఒకేసారి పదివేల కనెక్షన్లను తట్టుకోవాలని ఈగర్ సిసోయెవ్ అనే రష్యన్ రాశాడు. మా కాంటా మీదికి సీజన్లోనైనా ఒక్కసారికి ఒక్క లారీయే ఎక్కుతుంది గనక, ఈ అర్హత అత్యవసరమని ఏకగ్రీవంగా తీర్మానించాం. హెచ్‌ఏప్రాక్సీ 2001 నాటి పెద్దమనిషి, లోడు పంచడంలో దిట్ట. పంచడానికి మా దగ్గర పనికొక్క సర్వరే ఉందని ఆయన మొహాన చెప్పలేకపోయాం. కాడీ అయితే సైటు భద్రతకు కావాల్సిన హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ తానే తెచ్చుకుంటుంది, గడువు దగ్గరపడితే తానే రెన్యువల్ చేయించుకుంటుంది. ఇంత బుద్ధిమంతురాలికి ఇంకా సంబంధం కుదరలేదంటే ఏదో లోపం ఉంటుందని మా పెద్దలు అనుమానించారు. ట్రాఫిక్ (Traefik) అనేది డాకర్ కంటెయినర్ల, అంటే ప్రోగ్రాములను కట్టిపెట్టే డబ్బాల, లేబుళ్లు చదివి దారి కనుక్కుంటుందట. మా దగ్గర లేబుళ్లు బియ్యం బస్తాల మీదే ఉన్నాయి.

ఎంజినెక్స్ ఖాయమైంది. సెట్టింగుల ఫైల్లో రాయాల్సింది పదిహేను లైన్లు. ఏ సర్వర్‌కు పంపాలో చెప్పే 'ప్రాక్సీ పాస్' లైను చివర స్లాష్ పెట్టాలా వద్దా అన్నదానికే ఒక పూట గడిచింది. పెడితే అడ్రసులో 'స్టాకు' అన్న ముక్క గేటు దగ్గరే ఊడిపోతుంది, పెట్టకపోతే లోపలిదాకా పోతుంది. సర్వే నంబరులో బై నంబరు తప్పుపడితే ఏమైతదో తెలిసిన జిల్లావాళ్లం గనక భయపడ్డాం.

సోమవారం పొద్దున కాంటా మీద లారీ, స్క్రీన్ మీద 502.

"పదివేల మందిని సంభాళించేటోడు గీ ఒక్క లారీని పంపలేడా బామ్మర్దీ?" అన్నాడు బావ. కాడీనే తెచ్చుకోవాల్సిందని అప్పటికే ఇద్దరు గొణుగుతున్నారు. 502 అంటే గేటోడు లోపలికి కేకేశాడు, లోపలినుంచి సరైన జవాబు రాలేదని అర్థం. ఆ మాట వినే ఓపిక ఎవరికుంది?

లోపలికి పోయి చూశాను. సర్వర్ ప్లగ్గు పీకి ఉంది. ఆ సాకెట్లో గుమస్తా సెల్‌ఫోన్ చార్జింగ్ అవుతోంది. డెబ్బై శాతం ఎక్కిందట, ఇంకో పావుగంట ఆగమన్నాడు.